లూసీని ముందే చంపి ఉంటే?

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చి, రాత్రుళ్లు మేలుకుని 'ఎల్ఫెన్ లీడ్' అనే జపనీస్ యానిమేషన్ సిరీస్ (అనిమే) మొత్తం చూశాడు. ఆఖరి భాగం అయిపోయిన మర్నాడు, నేను కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని, "పిన్నీ, ఆ లూసీని చిన్నప్పుడే చంపేసి ఉంటే అంతమంది బతికేవారు కదా" అన్నాడు. నేను ఏదో చెప్పబోయేలోగా, "పాము పిల్ల అని తెలిసి తెలిసి ఎవరైనా పాలు పోసి పెంచుతారా?" అని తీర్పు కూడా తానే ఇచ్చేశాడు.

వాడు కఠినుడు కాడు. హాస్టల్ గేటు దగ్గరి కుక్కలకు తన కంచంలో అన్నం తీసిపెట్టే పిల్లవాడు. అనాథాశ్రమంలో కుక్కపిల్లను చంపే సన్నివేశం చూడలేక మధ్యలో ఆపేశానని తనే చెప్పాడు. అంత మెత్తని మనసున్న వాడి నోటి నుంచి, ఏ మాత్రం తడబాటు లేకుండా, పసిపిల్లను చంపేస్తే సరిపోయేదన్న మాట వచ్చింది. ఆ పూట వాడితో కొంత వాదించాను. మిగిలిన వాదన ఇక్కడ పూర్తిచేస్తున్నాను.

ఈ అనిమే 2004లో జపాన్‌లోని ఏటీ-ఎక్స్ అనే ఉపగ్రహ చానెల్లో వచ్చింది. లిన్ ఒకమోతో 2002 నుంచి 2005 దాకా 'యంగ్ జంప్' వారపత్రికలో వేసిన మాంగా (జపనీస్ బొమ్మల కథ) దీనికి ఆధారం. దర్శకుడు మమోరు కాంబె. నెత్తిన చిన్న కొమ్ములతో, కంటికి కనబడని చేతులతో పుట్టే డిక్లోనియస్ ఆడపిల్లల కథ; కథానాయిక లూసీ వాళ్లలో ఒకతె. ఆ చేతులకు మనిషి తల తెంచడం క్షణం పని. అందుకని వాళ్లను పుట్టగానే చంపుతారు, చంపకుండా మిగిల్చిన వాళ్లను కమకురా తీరానికి దగ్గర్లోని దీవిలో కట్టిపడేసి ప్రయోగాలు చేస్తారు. చూసినవాళ్లకు ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

ప్రమాదం అబద్ధం కాదు

మా వాడి వైపు బలం ఎంతో ముందు ఒప్పుకోవాలి. మొదటి భాగంలో కిసరగి అనే సెక్రటరీ వస్తుంది. నడవడంలోనే తడబడే అమాయకురాలు, చూడగానే కథానాయిక స్నేహితురాలు కాబోతోందనిపించే అమ్మాయి. కాసేపటికే లూసీ ఆమె తల తెంచేస్తుంది, ఆ మొండేన్ని తూటాలకు అడ్డుపెట్టుకుని నడిచిపోతుంది. కిసరగి ఎవరినీ హింసించలేదు. ఆ తర్వాత ఎనిమిదో పదో భాగాలు గడిచాక మనకు తెలుస్తుంది: చిన్నప్పటి లూసీ, తనను ప్రేమగా చూసిన ఒకే ఒక్క అబ్బాయి కౌటా చెల్లెలు కనాయెనూ, వాళ్ల నాన్ననూ రైల్లో, అతని కళ్లెదుటే చంపింది. కారణం అసూయ, మోసపోయానన్న కోపం. కనాయె చిన్నపిల్ల.

అంటే ఇందులో భయం ఊహ కాదు. శక్తులున్న వాళ్లను లోకం వేధించే కథలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం శక్తులున్న వాళ్లను చివరికి లోకాన్ని కాపాడే వీరులుగా చూపించి మన మనసు తేలికచేస్తాయి. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టినది కూడా ఇదే. ప్రపంచంలో ఒక గుంపును వెలివేసిన ప్రతివాడూ చెప్పేది ఒకటే: వాళ్ల రక్తంలోనే ఏదో ఉంది, వాళ్లను వదిలితే మన పిల్లలకు ముప్పు. చరిత్రలో ఈ మాట అబద్ధమని మళ్లీ మళ్లీ తేలింది. వెలివేతకు గురైన వాళ్ల కథ చెబుతూ వాళ్ల చేతికి నిజంగానే చంపే శక్తి ఇస్తే, వెలివేసేవాడి అబద్ధానికి సాక్ష్యం సమకూర్చినట్టు కాదా? మా వాడు చేరిన తీర్పుకు కథే దారి వేసిందేమో అని కూడా అనిపించింది.

ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ముప్పు అబద్ధమైతే మనం మంచివాళ్లుగా ఉండటానికి ఏమీ ఖర్చు కాదు. ఆ పిల్లల వల్ల ఎవరికీ ఏమీ కాదని తెలిస్తే ఎవరైనా వాళ్ల పక్షమే నిలుస్తారు. ముప్పు నిజమని ఒప్పుకుని, అప్పుడు కూడా మీరు చేస్తున్నది సరైనదేనా, కనీసం దానివల్ల ముప్పు తగ్గుతోందా అని అడగడానికి ధైర్యం కావాలి. ఈ కథ అడిగింది అదే.

అమలులో ఉన్న విధానం

మా వాడు కొత్త ఆలోచన చెబుతున్నట్టు చెప్పాడు గానీ, పుట్టగానే చంపేయడం ఈ కథలో ఎవరూ ప్రయత్నించని ఉపాయం కాదు. అదే అమలులో ఉన్న విధానం. కొమ్ములతో పుట్టిన పసికందులను చంపడానికి ఒక సంస్థ ఉంది, జీతాలు తీసుకునే మనుషులున్నారు, చంపమని ఆదేశాలున్నాయి. పదమూడు భాగాలలో మనం చూసే శవాల్లో చాలావరకు ఆ విధానం నడుస్తుండగా రాలినవే. ఒక్క పిల్ల తప్పించుకుంటే చాలు, ఆమెకు మనుషులను నమ్మడానికి ఒక్క కారణమూ మిగలదు.

లూసీ ఆ సంస్థ చేతికి చిన్నప్పుడు చిక్కని పిల్ల. ఆమె ఏమిటో తెలిసినవాళ్లు ఎవరూ లేని అనాథాశ్రమంలో పెరిగింది. అక్కడి పిల్లలు ఆమెను ఏడిపించింది ఆమె ప్రమాదకరమని కాదు. ఆ పిల్లలకు ఆ సంగతే తెలియదు. నెత్తిన కొమ్ములున్నాయి, నవ్వదు, ఏడవదు, అంతే. ఆమె దాచుకుని పెంచుకుంటున్న కుక్కపిల్లను పట్టుకుని, ఆమె ఏడుస్తుందా లేదా చూద్దామని పూలకుండీతో కొట్టి చంపుతారు. ఆమె చేతులు మొదటిసారి బయటికొచ్చేది అప్పుడే.

ఈ సన్నివేశం మీద ఒక అభ్యంతరం తరచూ వింటుంటాను. ఏడిపించడానికే పెట్టారని, కుక్కపిల్లను చంపితే ఎవరైనా హంతకురాలి పక్షం చేరతారని. అభ్యంతరంలో నిజం ఉంది. ఆ పిల్లల క్రూరత్వానికి ముందువెనకలు చూపించకపోవడం రచనలో లోపమే. కానీ నేను ఆ సన్నివేశంలో చూసేది కొట్టిన పిల్లవాడిని కాదు. లూసీతో స్నేహం కలిపిన ఒక అమ్మాయి ఉంటుంది. కుక్కపిల్ల రహస్యం తెలిసింది ఆ అమ్మాయికే, అది మిగతావాళ్లకు చేరిందీ ఆ అమ్మాయి నోటి నుంచే. శత్రువుల దెబ్బలను లూసీ అంతకుముందు చాలాకాలం ఓర్చుకుంది. తట్టుకోలేకపోయింది ఈ ద్రోహాన్ని. కొన్నాళ్లకు కౌటా ఆమెను నొప్పించకూడదనే తన మరదలి గురించి అబద్ధం చెబుతాడు, మగపిల్లవాడంటాడు. ఆ చిన్న అబద్ధం బయటపడ్డ రాత్రే రైలు ఘటన. నమ్మి ఒకసారి దెబ్బతిన్న పిల్లకు రెండోసారి చిన్నా పెద్దా అబద్ధాల తేడా తెలియదు. కనాయె హత్యకు ఇది సమర్థన కాదు, కారణం. ఈ రెంటినీ కలిపేయకుండా నిలబడటం ఈ అనిమే చూసేవాళ్ల నుంచి కోరే కష్టమైన పని. మనలో చాలామందిమి ఏదో ఒకవైపుకు జారిపోతాం: లూసీని క్షమించేస్తాం, లేదా మా వాడిలా చంపేస్తాం.

నానా తగలబెట్టిన డబ్బు

లూసీ గురించే అందరూ మాట్లాడతారు గానీ, మా వాడి ప్రశ్నకు అసలు జవాబు నానా. ఆమె పేరు కూడా పేరు కాదు, ప్రయోగశాల ఇచ్చిన ఏడో నంబరు. అవే కొమ్ములు, అవే చేతులు; పైగా లూసీ చేతులు రెండు మీటర్లు చేరితే నానావి నాలుగు మీటర్లు చేరతాయి. పుట్టినప్పటి నుంచి గొలుసులు, ప్రయోగాలు. అయినా ఆమె ఎవరినీ చంపదు. లూసీ తన కాళ్లూ చేతులూ తెంచేసిన తర్వాత కూడా. ఆమెకు ఉన్నదల్లా ఒక్కటే: ప్రయోగశాల అధికారి కురామా అప్పుడప్పుడు చూపిన కాస్త ఆదరణ. నొప్పి భరించలేనప్పుడు ఆమె 'నాన్న'ను తలుచుకుంటుంది. ఆ నాన్న కురామాయే.

పుట్టుకలోనే విషం ఉందన్న వాదన నానా దగ్గర కూలిపోతుంది. కానీ ఇక్కడ నాకు ఇంకో అనుమానం వస్తుంది. తనను కట్టేసిన వాడినే నాన్నా అని పిలిచే పిల్లను చూపించి, వెలివేతకు గురైన వాళ్లు ఇలా అణిగిమణిగి ఉండాలని కథ చెబుతోందా? బాలల వసతిగృహంలో కొన్నేళ్లు పనిచేసిన నా స్నేహితురాలితో ఈ మాట అన్నాను. ఆమె అనిమే చూడలేదు, చూడదు కూడా. నానా గురించి విని, "కొట్టే మనిషి వెనకే తిరిగే పిల్లలు మా దగ్గరా ఉండేవాళ్లు. ఆ మనిషే ఎప్పుడైనా తల నిమిరేది కూడా" అంది. నానా ప్రేమను నేను మెచ్చుకోలేను. అది బందీ ప్రేమ. అయితే అంత కొద్దిపాటి ఆదరణ కూడా ఇంత పని చేయగలిగినప్పుడు, ఆ దీవిలో ఇంకెవరికీ అది ఎందుకు దక్కలేదన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు.

నానాను అంతం చేయమని పైనుంచి ఆదేశం వచ్చినప్పుడు కురామా ఆమెకు కృత్రిమ అవయవాలు పెట్టించి, డబ్బు సంచి ఇచ్చి రహస్యంగా సముద్రంలోకి వదిలేస్తాడు. ఒడ్డుకు చేరిన నానా చలికి ఓర్చుకోలేక ఆ నోట్లను తగలబెట్టి చలి కాచుకుంటుంది. డబ్బంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మంటలో నోట్లు, దాని ముందు ముడుచుకుని కూర్చుని, వెచ్చగా ఉన్నందుకు సంతోషపడే పిల్ల. చీలిన శరీరాలెన్నో చూపించిన ఈ అనిమేలో నన్ను ఎక్కువ కదిలించింది ఈ మంట.

ఆ దీవి ఊహ అనుకోవద్దు

డబ్బు గురించి ఇంత చెప్పడానికి కారణముంది. జపాన్‌లో కుష్ఠు రోగులను నిర్బంధించిన శానటోరియంలలో, చేరగానే వాళ్ల దగ్గరున్న అసలు డబ్బు తీసుకుని, ఆ ఆవరణలో మాత్రమే చెల్లే నాణేలు ఇచ్చిన కాలం ఉంది. పారిపోయినా రైలు టిక్కెట్టు కొనలేరు. 1907లో మొదలైన చట్టాన్ని 1931లో రోగులందరికీ వర్తించేలా విస్తరించారు. 1953లో మళ్లీ కొత్త చట్టం చేశారు. అప్పటికే జబ్బుకు మందు వచ్చింది, అది తేలిగ్గా అంటుకునే జబ్బు కాదనీ తెలుసు. అయినా ఆ చట్టం రద్దయింది 1996లో. సెతో సముద్రంలోని నగషిమా దీవిలో రోగులను ఉంచారు. ఆ దీవికీ ఒడ్డుకూ మధ్య దూరం చాలా కొద్ది, వంతెన మాత్రం 1988లో గానీ రాలేదు. చాలామంది తమ కుటుంబాలకు మచ్చ రాకుండా పేర్లు మార్చుకున్నారు. పెళ్లి చేసుకోవాలంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చేది. 1948 నాటి యూజెనిక్స్ (మేలు జాతి పేరుతో పుట్టుకలను అదుపు చేసే) చట్టం దీనికి చట్టబద్ధత కూడా ఇచ్చింది. గర్భం వస్తే తీసేసేవారు.

గున్మా ప్రాంతంలోని కుసత్సులో, కుర్యు రకుసెన్-ఎన్ అనే శానటోరియం ఆవరణలో, ఎదురు తిరిగిన రోగులను వేయడానికి చీకటి కొట్లు కట్టారు. 1938 నుంచి 1947 దాకా 93 మందిని వేస్తే 23 మంది ప్రాణాలు పోయాయి. మంచు కురిసే కొండ ప్రాంతం అది.

2001 మే నెలలో కుమమోతో జిల్లా కోర్టు ఈ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ప్రధాని కొయిజుమి ప్రభుత్వం అప్పీలుకు వెళ్లకుండా ఆ తీర్పును అంగీకరించింది. 'ఎల్ఫెన్ లీడ్' మాంగా మొదలైంది ఆ మరుసటి సంవత్సరమే. ఈ రెండింటినీ పక్కపక్కన పెడుతున్నది నేను. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని అనడం లేదు. నేను చెప్పేది ఇంతే: దీవి, నంబరు, పుట్టనివ్వకుండా చేసే పిల్లలు, ఇవన్నీ ఆ దేశపు పాఠకుడికి వట్టి కల్పనగా కనబడవలసినవి కావు.

పోలికలో తేడా కూడా ఉంది, దాన్ని దాటేయకూడదు. కుష్ఠు రోగుల వల్ల ఊరికి ముంచుకొచ్చే ముప్పు లేదు. లూసీ వల్ల ఉంది. కానీ 1931లో ఆ చట్టాన్ని అమలు చేసినవాళ్లను అడిగి ఉంటే, ముప్పు నిజమేనని, ఊరి బాగు కోసమే చేస్తున్నామని, ఏ మాత్రం తడబాటు లేకుండా చెప్పి ఉండేవారు. ముప్పు ఎంతో కొలిచే అధికారం కట్టేసేవాడి చేతిలోనే ఉన్నప్పుడు, అది నిజమైన ముప్పో కాదో బందీ అయినవాడు ఎలా నిరూపించుకోగలడు?

కురామా చేతులు

ఈ అనిమే చూసిన ప్రతిసారీ నా కళ్లు కురామా మీదికే పోతాయి. రాక్షసుడిగా చూపించి ఉంటే ఎంత తేలికయ్యేదో. కళ్లజోడు, సూటు, తక్కువ మాటలు, చెప్పిన పని చేసే ఉద్యోగి. కొమ్ములున్న పసిపిల్లలను స్వయంగా చంపినవాడు. లోకం కోసం ఎవరో ఒకరు చేయక తప్పని పని అని తనకు తాను చెప్పుకున్నవాడు.

అతనికి కూతురు పుడుతుంది. నెత్తిన కొమ్ములతో. పరాయి పిల్లలకు వర్తించిన నియమం తన పిల్లకూ వర్తించాలి కదా అని, చంపడానికే సిద్ధమవుతాడు. భార్య హిరోమికి కడుపు కోసిన కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మంచం దిగి, నేల మీద పాకుతూ వచ్చి, బిడ్డను వదిలేయమని బతిమాలుతూ రక్తం పోయి చనిపోతుంది. అప్పుడు అతని చేతులు ఆగిపోతాయి. అంతకుముందు చచ్చిపోయిన ప్రతి బిడ్డకూ ఒక తల్లి ఉంది. వాళ్లెవరూ పాకుతూ అతని దాకా రాలేకపోయారు.

కానీ దయ చూపించినట్టు చూపించి అతను చేసినది ఏమిటి? మరికో అని పేరు పెట్టిన ఆ పిల్లను పెద్ద ఇనుప గదిలో బంధిస్తారు. ఎవరి చేయీ తగలదు. యంత్రాలే పెంచుతాయి, గొంతు మాత్రం ఒక పరిశోధకురాలిది. శరీరంలో బాంబులు అమరుస్తారు. కొన్నేళ్ల తర్వాత లూసీని చంపడానికి ఆ పిల్లనే బయటికి వదిలినప్పుడు, పదకొండు మీటర్లు చేరే చేతులతో, ఆడుకుంటూ చంపుతుంది. ఇన్నాళ్లూ తల్లి గొంతు వినిపించిన మనిషినే ముందు చంపేస్తుంది. మరికో బలం లూసీ బలానికి ఎన్నో రెట్లు, కనికరం సున్నా. లూసీకి కనీసం ఒక కుక్కపిల్ల, ఒక కౌటా దొరికారు.

ముగ్గురు పిల్లలు, ఒకే పుట్టుక. చంపేస్తే సరిపోయేదన్న మా వాడు లోపలి విషం గురించి మాట్లాడుతున్నాడు. కథ మాత్రం ఎవరికి ఎంత స్పర్శ దక్కిందో చూపిస్తోంది.

నేను సమర్థించలేనివి

ఇంత చెప్పాక, ఈ అనిమేను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. మొదటి దృశ్యం నుంచీ లూసీ ఒంటి మీద బట్టలుండవు. బందీని అవమానించడాన్ని చూపించడానికి కొంతవరకు అవసరమేమో. కమకురాలో కౌటా ఉండే ఆ పాత సత్రంలో, న్యూ అనే పేరుతో ఏమీ గుర్తులేని పసిపాపలా తిరిగే లూసీ ఒంటిని హాస్యానికి వాడుకోవడం మాత్రం ఏ అవసరమూ కాదు. అది ప్రయోగశాల చేసిన అవమానానికి కొనసాగింపే. మయు అనే బాలిక సవతి తండ్రి చేతిలో పడిన బాధ అయితే, మాటలతోనే తెలిసిపోయేదాన్ని కెమెరా అనవసరంగా తొంగిచూసింది. ప్రయోగశాల పెద్ద కకుజవా, అతని కొడుకు నడిపే కొత్త జాతి కుట్ర కథంతా తీసేసినా నష్టం లేదు. ఇది పెద్దవాళ్ల కోసం తీసిన అనిమే, పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు చూపించవద్దు.

అదే చేత్తో చెప్పాలి, ప్రారంభ గీతం 'లిలియం' లాంటిది అనిమేల్లో అరుదు. లాటిన్ బైబిల్ వాక్యాలతో అల్లిన పాట, చిత్రకారుడు క్లిమ్ట్ బంగారు వర్ణచిత్రాల ఛాయలో లూసీ బొమ్మలు. పాటను విడిగా చర్చి గీతంలా పాడే బృందాలున్నాయి. అమెరికన్ టీవీ సిరీస్ 'స్ట్రేంజర్ థింగ్స్' తీసిన డఫర్ సోదరులు తమ ఎలెవెన్ పాత్రకు ఈ అనిమే ప్రేరణ కూడా ఉందని చెప్పారు. చూస్తే పోలిక తెలుస్తుంది: ప్రయోగశాల, నంబరు, నాన్నా అని పిలిపించుకునే శాస్త్రవేత్త. అయితే అక్కడ ఎలెవెన్ చంపేది ఎక్కువగా చెడ్డవాళ్లను. కనాయె లాంటి శవాన్ని ఆ కథ మన ముందు పెట్టదు.

ఎవరికి ఉంది ఆ హక్కు

లూసీని ముందే చంపి ఉండాల్సిందని అనే హక్కు కథలో ఎవరికైనా ఉంటే అది కౌటాకు ఉంది. చెల్లెలి శరీరం రెండుగా తెగడం చూసిన పిల్లవాడు, ఆ దెబ్బకు జ్ఞాపకమే పోగొట్టుకున్నవాడు. ఆఖరి భాగంలో అన్నీ గుర్తుకొచ్చాక, లూసీ ఎదురుగా నిలబడినప్పుడు అతను ఆ మాట అనడు. ఆమె వెళ్లిపోతే భరించలేనంటాడు. మాంగా ఇంకా ముందుకు పోయి వేరే విధంగా ముగుస్తుంది. అనిమే తీసేనాటికి మాంగా పూర్తి కాలేదు. నాకు మాత్రం ఆ రాళ్ల మెట్ల మీది మాటలే ముఖ్యం. ఎందుకంటే నా వాదనకు అడ్డుపడే మాట కూడా ఆ మెట్ల మీదే, అతని నోటి నుంచే వస్తుంది. కనాయెను చంపినందుకు నిన్ను ఎప్పటికీ క్షమించలేనని చెప్పి, ఆమెను దగ్గరకు తీసుకుంటాడు. ఆ రెంటిలో దేన్నీ వెనక్కి తీసుకోడు.